క్రీమ్ పోస్తే విరుగుతోంది, పంది మాంసం వద్దు: ఇంట్లో జుప్పా తోస్కానా కుదురుతుందా?

కూకట్‌పల్లి_కాంతం
డాలస్‌లో ఉన్నన్నాళ్లూ మా పిల్లలకి ఆలివ్ గార్డెన్ రెస్టారెంట్ అంటే ఆ జుప్పా తోస్కానా సూపే. బంగాళాదుంప ముక్కలు, కేల్ ఆకు, సాసేజ్, తెల్లగా చిక్కగా క్రీమ్. అక్కడ సూప్, సలాడ్, రొట్టె ఎంత అడిగితే అంత పెడతారు కదా, మావాళ్లు దాన్ని పందెంలా తీసుకునేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. ఇంట్లో చేద్దామంటే ఏ వీడియో పెట్టినా "ఒక కప్పు హెవీ క్రీమ్ పోయండి" అని తేలిగ్గా చెప్పేసి వెళ్లిపోతారు. ఇక్కడి క్రీమ్ పోస్తే పలుకులు పలుకులుగా విరిగిపోతోంది. టమాటా వేసే రకమైతే ఇంకా ఘోరం.

ఇంకో చిక్కు. వచ్చే వారం అత్తగారూ మామగారూ వస్తున్నారు. పంది మాంసం గడప దాటి రాకూడదు. అత్తగారు శని, సోమ నీచు ముట్టరు. అంటే మాంసంతో ఒకటి, లేకుండా ఒకటి కావాలి. కేల్ బదులు ఏ ఆకుకూర వేయొచ్చు? మావారు దీన్ని "పాలు పోసిన పప్పుచారు" అంటున్నారు, ఆయన సలహా తప్ప ఎవరిదైనా వింటాను.

బెజవాడ_బుల్లోడు
మీవారికి నా ఓటు.

పాలకేంద్రం
డెయిరీలో పనిచేస్తాను కాబట్టి ఇది నా వంతు. కాంతం గారూ, అసలు తేడా ఫ్యాట్ శాతంలో ఉంది. అమెరికాలో హెవీ క్రీమ్ అని పేరు పెట్టాలంటే కనీసం 36 శాతం ఫ్యాట్ ఉండి తీరాలి. మన దగ్గర వీధి చివర కొట్లో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్ 25 శాతం. ఫ్యాట్ తగ్గేకొద్దీ మిగతా పాల భాగం పెరుగుతుంది, దాంతో పాటు ప్రొటీనూ పెరుగుతుంది. విరిగేది ఆ ప్రొటీనే, కేసిన్. పులుపు తగిలి, పైన సలసల మరిగే వేడి ఉంటే ముద్దకడుతుంది. పనీర్ చేసేటప్పుడు మనం కావాలని చేయించేది, సూప్‌లో అడక్కుండానే జరుగుతోంది, అంతే.

కాబట్టి స్టవ్ కట్టేసి, మరుగు పూర్తిగా అణిగాకే క్రీమ్ పోయండి. ఫ్రిజ్‌లోంచి ముందే తీసి బయట పెట్టుకోవాలి. ఒక గరిటె వేడి సూప్ క్రీమ్ గిన్నెలో పోసి కలపండి, ఇంకో గరిటె పోసి కలపండి, అప్పుడు మొత్తం కుండలోకి వంపండి. ఆ తర్వాత మళ్లీ మరిగించకూడదు. వేడి చేయాల్సి వస్తే సన్నటి సెగ మీద, ఆవిరి వచ్చేదాకా చాలు.

ఇంకో సంగతి, దుంపల్లోని గంజి మీకు కాపలా. ఉడికిన ముక్కలు నాలుగైదు కుండ గోడకేసి మెదిపి కలిపాక క్రీమ్ పోస్తే విరగడం చాలా తగ్గుతుంది. గంజి అడ్డుపడి ఆ ప్రొటీన్ తునకల్ని ఒకదానికొకటి అంటుకోనివ్వదు.

తోటకూరకాడ
పైదానికి ఒక్క ముక్క కలుపుతా. "విప్పింగ్ క్రీమ్ చిక్కగా ఉంటుంది కదా" అని కేకులవాళ్లు వాడే డబ్బా కొనకండి. వాటిలో చాలావరకు పామాయిల్ లాంటి నూనెతో చేసినవే, పైగా చక్కెర కలిపి ఉంటుంది. మా ఆఫీసు పార్టీలో ఎవరో దాంతో మష్రూమ్ సూప్ చేసి తెచ్చారు. పాయసంలో పుట్టగొడుగులు.

బెజవాడ_బుల్లోడు
@తోటకూరకాడ రెండోసారి పోయించుకున్నవాళ్లు ఉన్నారా లేదా, అది చెప్పండి ముందు.

తోటకూరకాడ
మేనేజర్ వండాడు. అందరూ పోయించుకున్నారు.

అర్నో_ఒడ్డున
ఫ్లోరెన్స్‌లో చదువుకుంటున్నా. గొడవ పెట్టాలని కాదుగానీ, మీరు చెప్పే ఆ క్రీమ్, సాసేజ్ సూప్ ఇక్కడివాళ్లకి తెలీదు. అది అమెరికాలో పుట్టిన ఇటాలియన్ వంట. ఫ్లోరెన్స్ ఉన్న ప్రాంతమే తోస్కానా. ఇక్కడ తోస్కానా సూప్ అంటే తెల్ల చిక్కుడు గింజలు (కన్నెల్లీనీ), నల్లటి కేల్, క్యారెట్, ఉల్లి, సెలరీ, అడుగున నిన్నటి రొట్టె. 1891లో వచ్చిన అర్టూసి వంటల పుస్తకంలో రైతుల తోస్కానా సూప్ ఉంది, అందులోనూ క్రీమ్ లేదు. ఈ ప్రాంతపు రొట్టెలో ఉప్పే వేయరు. మొదటిసారి తిన్నప్పుడు బేకరీవాడు మర్చిపోయాడేమో అనుకున్నా. మిగతా ఇటలీవాళ్లు వీళ్లని చిక్కుడు గింజల బకాసురులని ఏడిపిస్తారు.

మరి చిక్కదనం ఎక్కణ్నుంచి అంటారా? ఉడికిన గింజల్లో సగం మెత్తగా రుబ్బి మళ్లీ కుండలో పోస్తారు. వడ్డించాక పైన పచ్చి ఆలివ్ నూనె ధారగా. అంతే. మీగడ అక్కర్లేకుండానే మీగడలా ఉంటుంది. కాంతం గారూ, మీ అత్తగారి కుండకి ఇదే సరైనది.

అట్లాంటా_అత్తయ్య
@అర్నో_ఒడ్డున బాబూ, పిల్లలు మ్యూజియం చూడ్డానికి రాలేదు, అన్నానికి కూర్చున్నారు. వాళ్లు అడిగింది సాసేజ్, క్రీమ్ ఉన్నది. "అసలు ఇటలీలో" అని మొదలుపెడితే గిన్నె పక్కకి తోసేస్తారు. మా ఇంట్లో జరిగింది.

అర్నో_ఒడ్డున
అత్తయ్యా, వద్దనలేదు. పేరు వాళ్లదీ, సరుకు వీళ్లదీ అంటున్నా. రెండూ చేసుకోండి, రెండూ బావుంటాయి.

వరంగల్_సర్వపిండి
కాంతక్కా, ఆకు సంగతి నేన్ చెప్త. పాలకూర ముందుగాల ఏస్తే కుండంత పచ్చ బురద అయితది. ఏస్తె ఆఖర్ల ఏయాలె, పొయ్యి బంజేసినంక. కేల్ లెక్క నిలవడాలంటే క్యాబేజీ మీది ముదురు పచ్చాకులు సన్నగ తరుగు. ఎంత ఉడికినా నమిలితె ఇంత తెలుస్తది. బచ్చలి ఒద్దు, జిగురు. మెంతికూర ఏస్తె చేదు. మునగాకు లేతదైతె పర్వాలేదు గానీ పిల్లలు గుర్తుపడ్తరు.

గుంటూరు_గొడ్డుకారం
గోంగూర?

పాలకేంద్రం
@గుంటూరు_గొడ్డుకారం వద్దు.

గుంటూరు_గొడ్డుకారం
కారణం చెప్పకుండా వద్దంటే మా ఊళ్లో ఊరుకోరు సార్.

పాలకేంద్రం
పులుపు. నేను పైన రాసిందంతా ఆ పులుపు గురించే కదండీ. గోంగూర, చుక్కకూర, చింతచిగురు ఏదైనా సరే క్రీమ్‌లో పడితే విరుగుడే. మీకు గోంగూర మీదే మనసుంటే క్రీమ్ మానేయండి.

గుంటూరు_గొడ్డుకారం
సరే. క్రీమే మానేస్తాం.

అర్నో_ఒడ్డున
సర్వపిండి గారి క్యాబేజీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ కూడా నల్ల కేల్‌తో పాటు ముడతల క్యాబేజీ కలిపే వేస్తారు. నల్ల కేల్ మంచు పడ్డాకే రుచి అంటారు ఇక్కడి ముసలివాళ్లు, చలికి ఆకులో తీపి ఎక్కుతుందని. హైదరాబాద్‌లో మంచు కోసం ఆగితే అత్తగారు వచ్చి వెళ్లిపోతారు.

ఆదివారం_కోడి
మాంసం కుండ గురించి ఎవరూ నోరు విప్పట్లేదేంటి? కాంతం గారూ, ఆ అమెరికా ఇటాలియన్ సాసేజ్ రుచంతా సోంపుదే. పంది లేకపోయినా ఆ రుచి వస్తుంది. నేను చేసేది ఇది:

చికెన్ కీమా అరకిలో, కొట్టువాడితో తొడ మాంసమే కొట్టించండి. బ్రెస్ట్ అయితే ఎండిపోతుంది. చెంచాన్నర సోంపు పెనం మీద వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. ఎండుమిర్చి గింజలతో సహా దంచింది ఒక చెంచా, వెల్లుల్లి ఆరు రెబ్బలు, మిరియాలు, ఉప్పు, ఒక చెంచా వెనిగర్, రెండు చెంచాల నూనె. అన్నీ పిసికి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ రాత్రి తప్పించుకోవద్దు, అప్పటికప్పుడు వేస్తే కీమా కూరే అవుతుంది.

మర్నాడు వెడల్పు గిన్నెలో పెద్ద పెద్ద ముద్దలుగా వేసి కదపకుండా ఎర్రగా కాల్చండి. తర్వాతే విడగొట్టాలి. అది తీసి పక్కన పెట్టి, అడుగున అంటుకున్న మడ్డి మీదే ఉల్లిపాయ వేసి మగ్గించండి. రుచి అక్కడే ఉంది. ఆ మీద లీటరుంపావు చికెన్ స్టాక్, తొక్కతో సహా పావంగుళం మందాన తరిగిన అరకిలో దుంపలు. దుంప ఉడికాక కీమా వెనక్కి, ఆకు, స్టవ్ కట్టేసి క్రీమ్ ముప్పావు కప్పు. నలుగురికి సరిపోతుంది.

అల్లం వద్దు, గరం మసాలా వద్దు, ధనియాల పొడి వద్దు. చెయ్యి దానంతటదే ధనియాల డబ్బా వైపు పోతుంది, పట్టుకోండి.

అట్లాంటా_అత్తయ్య
@ఆదివారం_కోడి జాజికాయ మర్చిపోయావు. క్రీమ్ ఉన్న చోట కాస్త జాజికాయ గీకితే ఆ పాల వాసన లొంగుతుంది. చిటికె మాత్రమే.

ఆదివారం_కోడి
ఒప్పుకుంటా అత్తయ్యా. చిటికె దాటితే మాత్రం మిఠాయి కొట్టు వాసనే.

రాత్రిషిఫ్టు_రాజు
ఇంత తతంగమా! ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) అన్నీ పడేసి మూత పెట్టి మీటింగ్‌కి వెళ్లిపోతా నేను. క్రీమ్‌తో సహా.

పాలకేంద్రం
@రాత్రిషిఫ్టు_రాజు క్రీమ్‌తో సహానా? ప్రెషర్ కింద పాలు, క్రీమ్ రెండూ విరుగుతాయి, అడుగూ అంటుతుంది. మీకు తెరమీద "బర్న్" అని రావట్లేదా?

రాత్రిషిఫ్టు_రాజు
వస్తుంది. అది సిద్ధమైందని చెప్పడం అనుకున్నా.

బెజవాడ_బుల్లోడు
😂😂 ఈ దారం ఇక్కడితో మూసేయొచ్చు.

నిమ్మకాయ_పులిహోర
మూయకండి, నీచు లేని కుండ సంగతి ఇంకా తేలలేదు. కన్నెల్లీనీ ఇక్కడ మామూలు కొట్లలో కనబడదు. డబ్బాలో వచ్చేది కొంటే ఆ ధరకి పనీర్ వస్తుంది. తెల్ల రాజ్మా వాడొచ్చా?

అర్నో_ఒడ్డున
వాడొచ్చు, అదే జాతి. కానీ ఇంకో మాట చెప్పనా? అలసందలు వాడండి.

నిమ్మకాయ_పులిహోర
బొబ్బర్లా? వడలు వేసుకునేవా?

అర్నో_ఒడ్డున
అవే. రాజ్మా, కన్నెల్లీనీ లాంటి చిక్కుళ్లన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. 1492కి ముందు యూరప్‌లో అవి లేవు. అంతకుముందు ఇటలీవాళ్లు తిన్నది నల్ల చుక్క ఉన్న ఈ అలసందలే. తోస్కానాలో ఇప్పటికీ వేస్తారు. బంగాళాదుంప, టమాటా, మిరపకాయ కూడా ఆ తర్వాత వచ్చినవే. కాబట్టి అలసందలతో చేస్తే కన్నెల్లీనీ కంటే పాత సూప్ మీది. త్వరగా ఉడుకుతాయి కూడా.

గుంటూరు_గొడ్డుకారం
మిరపకాయ లేనప్పుడు ఈ ప్రపంచం ఎట్లా నడిచిందో.

డాక్టరమ్మ_కాదు
తెల్ల రాజ్మా వాడేవాళ్లకి ఒక జాగ్రత్త. రాజ్మా జాతి గింజల్లో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడక్కపోతే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. ఎర్ర రాజ్మాలో ఎక్కువ, తెల్లదాంట్లో తక్కువే గానీ ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట గలగలా మరగనివ్వాలి. మన ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే బెంగలేదు. ప్రమాదమల్లా స్లో కుక్కర్‌తోనే, అందులో మరిగేంత వేడి రాకపోవచ్చు, విషం పోదు. రాజు గారూ, మీ ఇన్‌స్టంట్ పాట్‌లో స్లో కుక్ బటన్ ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి.

రాత్రిషిఫ్టు_రాజు
నా మీద ఈ దారంలో అందరికీ కన్ను పడింది.

సోమవారం_ఉపవాసం
పార్మెసాన్ చీజ్ తొక్క పారేయకుండా దాచుకుని, ఉడికేటప్పుడు కుండలో వేస్తే నీళ్ల సూప్‌కి కూడా బలం వస్తుంది. నీచు లేనిదానికి స్టాక్ లోటు దాంతోనే తీరుతుంది. దించే ముందు తొక్క తీసేయాలి.

నిమ్మకాయ_పులిహోర
@సోమవారం_ఉపవాసం మీ పేరు చూసి అడుగుతున్నా. అసలైన పార్మెసాన్ శాకాహారం కాదని తెలుసా? లేగదూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తోనే పాలు తోడుపెట్టాలని వాళ్ల నిబంధన. పార్మిజానో రెజ్జానో అని పేరు ఉందంటే అది ఉన్నట్టే.

సోమవారం_ఉపవాసం
...ఇన్ని సోమవారాలూ?

బెజవాడ_బుల్లోడు
శివుడు పాస్తా తినడు లెండి, ఆయనకి తెలీదు.

పాలకేంద్రం
కంగారు పడకండి. ఇక్కడ ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్ కొన్నారంటే అది సూక్ష్మజీవుల నుంచి చేసిన రెన్నెట్. మన దేశంలో చేసే పార్మెసాన్ రకాలు చాలావరకు అవే. మీరు తిన్నది ఏదో ప్యాకెట్ చూసుకుంటే తెలుస్తుంది. అమెరికాలో కూడా లేబుల్ మీద మైక్రోబియల్ అనో వెజిటేరియన్ అనో రాసినవి దొరుకుతాయి. వాటికి అన్నిసార్లూ తొక్క ఉండదు, అదొక్కటే లోటు.

అట్లాంటా_అత్తయ్య
అత్తగారికి పెట్టే కుండలో అనుమానం ఉన్న వస్తువు వేయకు కాంతం. తర్వాత ఎవరో చెప్తే పదేళ్లు వినాలి. చీజ్ బదులు పుట్టగొడుగులు వేయించి వెయ్యి, నీరంతా ఇగిరి ఎర్రబడేదాకా. పుట్టగొడుగు తినకపోతే ఒక వెల్లుల్లి గడ్డ మొత్తం నూనె రాసి కాల్చి, పిండి కలిపెయ్యి. వెల్లుల్లి తింటారా మీవాళ్లు?

కూకట్‌పల్లి_కాంతం
వెల్లుల్లి తింటారు అత్తయ్యా, పుట్టగొడుగు తినరు. అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. సాసేజ్ బదులు మీల్ మేకర్ వేస్తే ఎలా ఉంటుంది? పిల్లలు ఆ నమిలే పలుకు కావాలంటున్నారు. రెండు కుండలు కాకుండా ఒక్కదాంతో పోతుందేమోనని నా ఆశ.

ఆదివారం_కోడి
మీల్ మేకర్ వద్దండీ, ఎన్ని కడిగినా ఆ సోయా వాసన పోదు.

తోటకూరకాడ
@ఆదివారం_కోడి పోతుంది, మీరు పిండట్లేదు. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో నానబెట్టి, పిండి, చన్నీళ్లతో కడిగి మళ్లీ పిండాలి. మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపేయాలి, ముద్ద కాకూడదు. తర్వాత మీరు రాసిన సోంపు, మిరప, వెల్లుల్లి, వెనిగర్ అన్నీ పట్టించి, చికెన్‌కి పోసేదానికి రెట్టింపు నూనెలో కరకరలాడేలా వేయించాలి. వడ్డించేటప్పుడే పైన వేయాలి, ముందే వేస్తే స్పాంజీ.

ఆదివారం_కోడి
రెట్టింపు నూనెలో వేయిస్తే అట్టపెట్టె కూడా బావుంటుంది.

వరంగల్_సర్వపిండి
గంతే గదా, నూనెల ఏంచినంక ఏది బాగుండది. అక్కా, ఒక్క కుండతోని అయితది. మొత్తం అలసందలతోని చెయ్, సగం రుబ్బు, క్రీమ్ కొంచెం పోయ్. మాంసం ముక్కలు పక్క పెనంల ఏంచి ఎవలకు గావాలంటె వాల్ల గిన్నెల మీదికెళ్లి ఏస్కుంటరు. నీచు గరిటె మాత్రం ఏరే పెట్టు, ముసలోల్లు గదే చూస్తరు.

అట్లాంటా_అత్తయ్య
ఈ దారం మొత్తంలో పనికొచ్చే తెలివైన మాట ఇది.

రొట్టెముక్క
సెలరీ దొరకనివాళ్ల సంగతేంటి? మా ఊళ్లో కూరగాయలబ్బాయికి చెప్తే కొత్తిమీర ఇస్తాడు.

తోటకూరకాడ
ఆ కొత్తిమీరే కాడలు సన్నగా తరిగి ఉల్లి, క్యారెట్‌తో మగ్గించండి. సెలరీ, కొత్తిమీర, వాము, సోంపు, క్యారెట్ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. వాము రెండు గింజలు నలిపి వేసినా చాలు, ఎక్కువైతే కడుపునొప్పి కషాయం.

చలికాలం_చంద్రం
న్యూజెర్సీ నుంచి. ఆదివారం పెద్ద కుండ చేసి ఫ్రీజర్‌లో డబ్బాలు పెట్టుకుందామని. క్రీమ్ సూప్ ఫ్రీజ్ అవుతుందా?

పాలకేంద్రం
క్రీమ్ పోయకముందు ఫ్రీజ్ చేయండి. పోశాక చేస్తే కరిగినప్పుడు నెయ్యి ఒక పక్క, నీళ్లు ఒక పక్క. బంగాళాదుంప ముక్కలు కూడా ఫ్రీజర్‌లో పొడిపొడిగా అయిపోతాయి, కాబట్టి దుంప లేకుండా గింజలతో చేసినదైతే మేలు. తినే రోజు వేడిచేసి అప్పుడు క్రీమ్.

ఆదివారం_కోడి
పాస్తా వేసే రకమైతే పాస్తా విడిగా ఉడికించి ఎవరి గిన్నెలో వాళ్లకి వేయండి. కుండలో ఉంచితే తెల్లారేసరికి సూప్ మొత్తం తాగేసి ఉబ్బి కూర్చుంటుంది.

అర్నో_ఒడ్డున
పాస్తా మాట వచ్చింది కాబట్టి, రోమ్‌వాళ్లది ఒకటుంది, పాస్తా ఎ చేచీ. కాబూలీ శనగలు, వెల్లుల్లి, రోజ్‌మేరీ, చిన్న పాస్తా. శనగల్లో సగం రుబ్బితే చిక్కదనం దానంతటదే. శుక్రవారాలు మాంసం మానేసేవాళ్లు కాబట్టి ఆ రోజు ఇది వండుకోవడం రోమ్‌లో పాత అలవాటు. సోమవారం_ఉపవాసం గారికి సరిగ్గా సరిపోతుంది, చీజ్ లేకపోయినా లోటు తెలీదు.

గుంటూరు_గొడ్డుకారం
ఇందులో క్రీమ్ లేదు కదా?

అర్నో_ఒడ్డున
లేదు.

గుంటూరు_గొడ్డుకారం
@పాలకేంద్రం సార్, గోంగూర?

పాలకేంద్రం
వేసుకోండి. శనగలు పూర్తిగా మెత్తబడ్డాకే వేయండి, పులుపు ముందే తగిలితే గింజ ఉడకదు. టమాటాకీ ఇదే లెక్క.

రొట్టెముక్క
రోజ్‌మేరీ ఎక్కడ దొరుకుతుంది హైదరాబాద్‌లో?

తోటకూరకాడ
నర్సరీలో మొక్క కొనండి. కుండీలో ఎండ తగిలే చోట పెట్టి నీళ్లు తక్కువ పోస్తే బతుకుతుంది. వానాకాలం మాత్రం కుండీ చూరు కిందికి జరపాలి, వేరు కుళ్లుతుంది.